మాయా భాష నేర్చుకోడానికి మెక్సికోలో ఊరికి వెళ్తున్న లావణ్యకి

లావణ్యా,

నీ మెయిల్ చూశానే. వేసవిలో మాయా భాష నేర్చుకోడానికి మెక్సికోలోని యూకటాన్ వెళ్తున్నావట, ముందు మెరిదాలో క్లాసులు, తర్వాత వాయదోలీద్ పక్కన ఊళ్ళో ఒక ఫ్యామిలీతో మకాం. మీ అమ్మేమో పిల్ల అక్కడేం తింటుంది ఎక్కడ పడుకుంటుంది అని నాకు రోజూ ఫోను. అది తర్వాత చెప్తా.

ముందు అసలు సంగతి. అక్కడ నీకు అడ్డం పడేది గ్రామర్ కాదు, స్పానిష్. ఊళ్ళో చాలామందికి రెండూ వచ్చు, బయటి మొహం కనపడగానే నోరు దానంతటదే స్పానిష్‌లోకి మారిపోతుంది, నీకు కష్టం లేకుండా చేశామనుకుంటారు పాపం, నీకూ హాయిగా ఉంటుంది, చూస్తూ చూస్తూ వేసవి అయిపోతుంది. 2020 జనాభా లెక్కల్లో మెక్సికోలో మాయా మాట్లాడేవాళ్ళు 7.7 లక్షల మంది, తక్కువేం కాదు, కానీ చాలా ఇళ్ళల్లో చిన్నపిల్లలు స్కూలు దెబ్బకి స్పానిష్‌లోనే జవాబిస్తారు. అందుకని పిల్లలతో ఆడుకుంటే భాష వచ్చేస్తుందిలే అనుకోకు, ఇంట్లో ముసలావిడ ఉంటే ఆవిణ్ణి పట్టుకో.

ఆవిడ దొరికేది వంటింట్లో. సిమెంటు ఇల్లు ముందుంటుంది, వెనక పెరట్లో తాటాకుల్లాంటి ఆకులు కప్పిన వంటిల్లు విడిగా ఉంటుంది, మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద పెనం, పక్కన పొట్టికాళ్ళ గుండ్రటి బల్ల. మొక్కజొన్న పిండి ముద్ద చిన్నది తీసుకుని ప్లాస్టిక్ ముక్క మీద పెట్టి, ఎడమచేతి వేళ్ళు అంచు తిప్పుతుంటే కుడిచెయ్యి తడుతుంటుంది, మాట మాత్రం ఆగదు, రొట్టె పొంగిందో లేదో కూడా కళ్ళతో కాదు చేత్తో నొక్కి చూస్తారు. నువ్వూ ఒక పీట లాక్కుని కూర్చో. నీ రొట్టెలు మన జిల్లాల మ్యాపుల్లా వస్తాయి, నవ్వుతారు, నవ్వనీ, ఆ నవ్వులోనే మాయా మాటలు పడతాయి. 'బిష్ ఉ క్'ఆబా' లేలా'' అని కనపడ్డ ప్రతిదాన్నీ చూపించి అడుగు, దీని పేరేంటి అని. ఎవరైనా 'బా'ష్ క వా'లిక్' అని పలకరిస్తే 'మిష్ బా'ల్' అంటే చాలు, ఏం లేదండీ అన్నట్టు.

ఉచ్చారణలో మన తెలుగు వత్తులు పనికిరావు. అక్కడ గొంతు ఒక్క క్షణం బిగబట్టి టక్కున వదిలే క్, ప్, త్ లు ఉన్నాయి, ఊయల అనే మాటకీ పాము అనే మాటకీ దాదాపు అదే తేడా, అది పలక్కపోతే ఊయల అడగబోయి పాముని అడుగుతావు. పుస్తకాల్లో స్పెల్లింగులు కూడా ఒక్కలా ఉండవు, 1980లో వచ్చిన కోర్డెమెక్స్ అనే మాయా-స్పానిష్ డిక్షనరీ ఒకలా రాస్తుంది, 1984లో ఒప్పుకున్న అక్షరమాల ఇంకోలా ఉంటుంది, కంగారు పడకు.

ఇంకోటి, నువ్వు వెళ్ళిన ఇంటివాళ్ళే 'మాది కల్తీ మాయా, అసలుది ఇంకా లోపలి ఊళ్ళల్లో ఉంది' అంటారు. లోపలి ఊరికెళ్తే వాళ్ళు ఇంకో ఊరు చూపిస్తారు. నమ్మి తిరగకు, ఉన్నచోటే నేర్చుకో.

తిండి గురించి మీ అమ్మకి చెప్పు. మాంసం మానెయ్యడం తేలికే, కానీ బీన్స్‌లో కూడా పంది కొవ్వు వేస్తారు, కాబట్టి శాకాహారం అని ఊరికే చెప్తే సరిపోదు, కొవ్వు వద్దని విడిగా చెప్పాలి. సికిల్ ప్'ఆక్ అని వేయించిన గుమ్మడి గింజలు, టమాటా కలిపి నూరతారు, అది ఉంటే నీకు బెంగ లేదు. హబనెరో మిరపకాయని మాత్రం గుంటూరు పౌరుషంతో కొరక్కు.

పడక ఊయలే. నిలువుగా పడుకుంటే నడుం పోతుంది, ఐమూలగా పడుకో, పొద్దున లేచి దాన్ని చుట్టి పక్కకి తగిలించెయ్, లేకపోతే గదిలో నడవలేరు. సాయంత్రం తిండికి ముందు స్నానం చెయ్యమంటారు, చెయ్యి, లేకపోతే చూసేవాళ్ళకి ఇబ్బంది. పొయ్యి దగ్గర్నుంచి లేచిన వెంటనే చన్నీళ్ళల్లో చెయ్యి పెట్టబోతే అరుస్తారు, అది నీ మంచికే అని వాళ్ళ నమ్మకం. ఎండన పడి వచ్చి చంటిపిల్లని ముద్దుచెయ్యకు, కాసేపు కూర్చుని అప్పుడు ఎత్తుకో, దిష్టి భయం వాళ్ళకీ మనంతే.

కొన్నాళ్ళకి ఫలానా పాపకి మద్రీనాగా ఉండమంటారు. అంటే బాప్టిజానికో స్కూలు ఫంక్షన్‌కో పెద్దదిక్కు అన్నమాట. సంతోషమే, కానీ డ్రెస్సా కేకా ఏది నీ ఖర్చో ముందే అడుగు, తప్పేం కాదు, అక్కడ అందరూ అడుగుతారు. ఒకసారి ఒప్పుకుంటే మాత్రం ఆ బంధం సెలవులతో అయిపోదు, ఏటేటా ఫోనన్నా చెయ్యాలి, చెయ్యలేననుకుంటే ముందే మర్యాదగా తప్పుకో.

అమెరికా వీసా స్టాంప్ చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు, 180 రోజుల లోపైతేనే. తిరిగి అమెరికాలోకి రావడానికి, ఐ-ట్వంటీ (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చిన కాగితం) మీద ట్రావెల్ సంతకం కాలేజీలో ముందే పెట్టించుకో. పక్క రాష్ట్రంలోని కన్‌కూన్‌లో విమానం దిగితే అక్కడి టైము యూకటాన్ కంటే ఒక గంట ముందుంటుంది, బస్సు టికెట్ చూసేప్పుడు గుర్తుంచుకో. బుక్ చేశాక నాకు తేదీలు పంపు, మీ అమ్మకి నేను చెప్తాలే.

పిన్ని