తొమ్మిదో తరగతి పిల్లలకు సొంతంగా రాయడం ఎలా నేర్పాలి?

వ్యాసం రాయమంటే పిల్లలు గైడు తెరుస్తున్నారనీ, గైడు తీసేస్తే పెన్ను కదలడం లేదనీ, ఏం చేయాలనీ తోటి తెలుగు టీచరుగా మీరు అడిగారు. నేను పల్నాడు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. నేను చూసినంతలో, మన పిల్లలకు మాటలకు కొదవ లేదు. తమకు తెలిసింది కూడా రాయదగినదేనని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మనం ఇచ్చే అంశాలు చూడండి: పర్యావరణ పరిరక్షణ, జాతీయ సమైక్యత, విజ్ఞానశాస్త్రం వల్ల లాభనష్టాలు. పద్నాలుగేళ్ళ పిల్లకి వీటి మీద సొంత మాట ఎక్కడి నుంచి వస్తుంది? గైడే దిక్కు. అందుకే మొదటి రెండు మూడు నెలలు ఆ అంశాల జోలికి వెళ్ళకండి.

మా క్లాసులో ఒకమ్మాయి రైతు మీద వ్యాసం రాసింది. 'భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం. రైతు దేశానికి వెన్నెముక' అని మొదలు. క్లాసులో సగం మంది మొదలుపెట్టింది అలాగే. తప్పులు దిద్దకుండా పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

'నిన్న రాత్రి మీ నాన్న ఏం చేశాడమ్మా?'
'కల్లంలో పడుకున్నాడు సార్.'
'ఎందుకు?'
'మబ్బు పట్టింది కదా సార్, మిర్చి తడిస్తే తాలైపోద్ది.'

'ఇప్పుడు నాతో చెప్పిందే రాసుకురా' అన్నాను. మర్నాడు తెచ్చింది: 'రాత్రి మబ్బు పట్టింది. మా నాన్న టార్చిలైటు తీసుకుని కల్లానికి పోయాడు. మిర్చి మీద పట్టాలు కప్పి అక్కడే పడుకున్నాడు. కాయ తడిస్తే తెల్లబడి తాలు కింద పోద్ది. తాలుకి సగం ధర కూడా రాదు. మా అమ్మ తెల్లారేదాకా వాకిట్లోనే కూర్చుంది.' చివరి వాక్యం నేను అడిగింది కాదు. దాన్ని క్లాసులో చదివించాను. ఆ తర్వాత వెన్నెముక అన్న మాట దాదాపు ఎవరూ రాయలేదు.

'పోద్ది' అని రాసినందుకు మార్కులు తగ్గించకండి. మొదటి చిత్తుప్రతిలో ఇంటి మాటే రానివ్వండి, పరీక్షకు ఎలా మార్చాలో తర్వాత చూపించవచ్చు. వందేళ్ళ క్రితం స్కూలు ఫైనలు పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న దాని మీద పెద్ద యుద్ధమే జరిగింది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష వైపు నిలబడ్డారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ, మర్నాడు పిల్లవాడి నోటుపుస్తకంలో వాడి మాటనే ఎర్రసిరాతో కొట్టేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

దిద్దడం గురించి ఇంకో మాట. ఒత్తులు, దీర్ఘాలు, శ-ష-స, ణ-న అన్నీ ఒకేసారి దిద్దితే పేజీ అంతా ఎర్రబడుతుంది. పిల్లవాడు దాన్ని మళ్ళీ తెరవడు. మొదటిసారి విషయం మాత్రమే చూడండి. అర్థం కాని చోట ఒక ప్రశ్న రాయండి: 'ఎవరు?', 'అప్పుడేమైంది?' రెండోసారి రాసినప్పుడు వాక్యాల వరుస చూడండి. అక్షరదోషాలు ఆఖరున, అవీ వారానికి ఒక రకం చొప్పున. తిరగరాయించకుండా ఎన్ని వ్యాసాలు రాయించినా చెయ్యి నొప్పే మిగులుతుంది.

నలభై నోటుపుస్తకాలు ఒక్కరం ఎలా చూస్తాం అంటారా? రోజుకో బెంచీ వరస తీసుకోండి. మిగతావాళ్ళు జంటలుగా కూర్చుని ఒకరిది ఒకరికి పైకి చదివి వినిపించుకోవాలి. వినేవాడికి అర్థం కాని చోట రాసినవాడే గీత పెట్టుకోవాలి. మొదట్లో గోల గోలగా ఉంటుంది, హెడ్‌మాస్టరు గారికి ముందే చెప్పి ఉంచండి.

పదో తరగతి పరీక్ష టెన్షన్ మీకూ ఉంటుంది, తెలుసు. వ్యక్తీకరణ-సృజనాత్మకత కింద లేఖ, కరపత్రం, సంభాషణ లాంటివి అడుగుతారు. స్థలం, తేదీ, సంబోధన, సంతకం, చిరునామా ఎక్కడ రాయాలో ఒకటి రెండు పీరియడ్లలో వచ్చేస్తుంది. లోపల రాయాల్సిన విషయానికే ఏడాది పడుతుంది. కాబట్టి ఎనిమిదిలోనే మొదలుపెట్టగలిగితే ఇంకా మంచిది. ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి: 'నిన్న సాయంత్రం బడి వదిలాక మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు?' అని అడిగి, ఐదు వాక్యాలు క్లాసులోనే రాయించండి. ఇంటికి ఇవ్వకండి, ఇంట్లో గైడు ఉంటుంది.