పోలికకూ సిస్‌కాల్‌కూ నడుమ

ప్రశ్న: ఎక్స్86-64 లినక్స్ మీద, సీ లైబ్రరీ లేకుండా, పూర్తిగా అసెంబ్లీలో చిన్న సర్వర్ రాస్తున్నాను. సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మని చెప్పే సిగ్నల్) వస్తే హ్యాండ్లర్, అంటే దానికి స్పందించే నా కోడ్, ఒక ఫ్లాగ్‌లో 1 పెడుతుంది. డేటా చదివే ప్రతి రీడ్ కాల్‌కు ముందు ఆ ఫ్లాగ్ చూస్తాను. రీడ్ మైనస్ 4తో (సిగ్నల్ వల్ల అంతరాయం అనే ఎర్రర్) తిరిగివచ్చినా చూస్తాను. అయినా ఎప్పుడో ఒకసారి సర్వర్ ఆగకుండా రీడ్‌లోనే ఉండిపోతోంది. ఫ్లాగ్ పోలికకూ సిస్‌కాల్‌కూ (ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌ను పని అడిగే ఇన్‌స్ట్రక్షన్) మధ్య ఇన్‌స్ట్రక్షన్లు తగ్గిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. లోపం మరింత అరుదుగా కనిపిస్తుంది, అంతే. అది మేలనుకోకండి, రోజూ కనిపించే లోపం నయం, దాన్ని పట్టుకోవచ్చు.

జరిగేది ఇది. మీరు ఫ్లాగ్ చూశారు, సున్నా ఉంది. ఆ క్షణంలో టైమర్ ఇంటరప్ట్ వచ్చింది. కెర్నల్ మళ్లీ మీ ప్రోగ్రాముకు పగ్గాలు ఇచ్చే ముందు, కాచుకుని ఉన్న సిగ్నల్‌ను అందజేసింది. హ్యాండ్లర్ 1 రాసి వెళ్లిపోయింది. మీ కోడ్ ఆగిన చోటినుంచే కదిలి సిస్‌కాల్‌లోకి దిగింది. సిగ్నల్ అప్పటికే వచ్చి పోయింది కాబట్టి రీడ్‌ను లేపే నాథుడు లేడు. మైనస్ 4 వచ్చే ప్రశ్నే లేదు. అనుమానముంటే ఆ రెంటి మధ్య కోట్లసార్లు తిరిగే ఖాళీ లూప్ పెట్టి, అది తిరుగుతుండగా సిగ్నల్ పంపండి. ప్రతిసారీ ఇరుక్కుంటుంది.

ఈ సందును మూయగలిగింది కెర్నలే. సిగ్‌టర్మ్‌ను మొదట్లోనే 14వ నంబరు కాల్, అంటే ఆర్‌టీ సిగ్‌ప్రోక్‌మాస్క్‌తో ఆపి ఉంచండి. నేరుగా రీడ్‌లో కాకుండా 271వ కాల్ పీపోల్‌లో (డేటా వచ్చేదాకా కాచుకునే కాల్) వేచి ఉండండి. ఆర్10 రిజిస్టర్‌లో సిగ్‌టర్మ్‌ను అనుమతించే మాస్క్ (ఏ సిగ్నళ్లను ఆపాలో చెప్పే జాబితా) చిరునామా, ఆర్8లో దాని పరిమాణం 8. మాస్క్ మార్చడం, నిద్రపోవడం కెర్నల్ ఒకే చర్యగా చేస్తుంది. సిగ్నల్ ముందే వచ్చి కాచుకుని ఉన్నా పీపోల్ నిద్రపోదు, మైనస్ 4తో బయటికి వస్తుంది. డేటా ఉందని చెబితేనే రీడ్ పిలవండి. రీడ్ చదివే డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలు లేదా కనెక్షన్ నంబరు) నాన్‌బ్లాకింగ్‌గా, అంటే డేటా లేకుంటే కాచుకోకుండా తిరిగివచ్చేలా, పెట్టడం మరవకండి.

ఇంకో దారి ఉంది, అసెంబ్లీ రాసేవారికే సాధ్యమైనది. మజిల్ అనే సీ లైబ్రరీ థ్రెడ్ రద్దు కోసం దీన్నే వాడుతుంది. ఫ్లాగ్ పోలికకు ముందు ఒక లేబుల్, సిస్‌కాల్ వెనువెంటనే మరో లేబుల్ ఉంటాయి. హ్యాండ్లర్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా ఆర్‌డీఎక్స్‌లో యూకాంటెక్స్ట్ (ఆగిన కోడ్ స్థితిని దాచిన చోటు) చిరునామా వస్తుంది. దానికి 168 బైట్ల దూరంలో, ఆగిపోయిన కోడ్ తాలూకు ఆర్‌ఐపీ (తర్వాత నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామా) ఉంటుంది. అది మొదటి లేబుల్ నుంచి రెండోదానికి ముందు వరకు ఎక్కడున్నా, కాల్ ఇంకా ఏ పనీ చేయలేదన్నమాట. ఆర్‌ఐపీని నిష్క్రమణ కోడ్‌కు మళ్లించవచ్చు. సరిగ్గా రెండో లేబుల్ మీద ఉంటే మాత్రం ముట్టుకోవద్దు: కాల్ ముగిసింది, చదివిన బైట్ల లెక్క ఆర్‌ఏఎక్స్‌లో ఉండవచ్చు, మళ్లిస్తే ఆ డేటా గల్లంతే. హ్యాండ్లర్‌ను నమోదు చేసేటప్పుడు ఎస్‌ఏ రీస్టార్ట్ ఫ్లాగ్ పెట్టి ఉంటే, అంతరాయం కలిగిన రీడ్‌ను మళ్లీ నడిపేందుకు కెర్నల్ ఆర్‌ఐపీని 2 బైట్లు వెనక్కి జరుపుతుంది (సిస్‌కాల్ పొడవు అంతే). అందుకే అది లేబుళ్ల నడుమనే దొరుకుతుంది. ముచ్చటైన ఉపాయమే గానీ, మీ సర్వర్‌కు గోటితో పోయేదానికి గొడ్డలి. పీపోల్ వాడండి.

ప్రశ్న: నా హ్యాండ్లర్‌లో మొదటి ఇన్‌స్ట్రక్షన్ కూడా నడవకుండానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తోంది. చిరునామా సరిగానే ఉంది.

జవాబు: హ్యాండ్లర్‌ను నమోదు చేసేటప్పుడు ఎస్‌ఏ రిస్టోరర్ ఫ్లాగ్ (హెక్సాలో 4000000) ఇచ్చి ఉండరు. ఎక్స్86-64లో అది లేకపోతే కెర్నల్ సిగ్నల్ ఫ్రేమ్ (ఆగిన కోడ్ స్థితిని స్టాక్ మీద దాచే చోటు) కట్టడానికే నిరాకరిస్తుంది. హ్యాండ్లర్ ముగిశాక నడిచే రిస్టోరర్‌లో రెండే పనులు: ఈఏఎక్స్‌లో 15 (ఆర్‌టీ సిగ్‌రిటర్న్ కాల్ నంబరు) పెట్టడం, సిస్‌కాల్ చేయడం. అక్కడ ఏదీ పుష్ చేయకండి. ఆర్‌ఎస్‌పీ (స్టాక్ కొనను చూపే రిజిస్టర్) ఉన్నచోటే ఫ్రేమ్ ఉందని కెర్నల్ నమ్ముతుంది.

ప్రశ్న: మైనస్ 4 వచ్చిన ప్రతి కాల్‌నూ కళ్లు మూసుకుని మళ్లీ పిలవవచ్చా?

జవాబు: క్లోజ్‌ను (డిస్క్రిప్టర్‌ను మూసే కాల్) మాత్రం మళ్లీ పిలవకూడదు. లినక్స్‌లో మైనస్ 4 వచ్చినా ఆ డిస్క్రిప్టర్ అప్పటికే విడుదలై ఉంటుంది. ఈలోగా మరో థ్రెడ్ ఏదైనా ఫైలు తెరిస్తే అదే నంబరు దానికి దక్కవచ్చు; మీ రెండో క్లోజ్ మూసేది ఆ ఫైలును.