సీసా మందుతో పోయే మసి కాదమ్మా

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. మొదటిసారి పదకొండో పేజీ దగ్గర చిరాకొచ్చి పక్కన పడేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్ళీ తీశాను. మళ్ళీ తీయించింది నాలుగో పేజీలో ఒక్క ముక్క. పెళ్ళి బంతిలో కూర్చున్న కార్ల మిస్త్రీ గోళ్ళ కింద నలుపు పక్కవాళ్ళకి కనబడకుండా పిడికిలి బిగించి, వడ్డించే కుర్రాణ్ణి చెంచా అడుగుతాడు. అలవాటు లేని చెంచా విస్తరాకుని గీరిన చప్పుడు రాశావు చూడు, అది నాకు ఇంకా వినబడుతోంది. మెచ్చుకోవడం ఇంతటితో అయిపోయింది.

ఇక పదకొండో పేజీ. నీ మిస్త్రీ దగ్గరికి వచ్చిన కారు డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ బండి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతుంది, ఘాటీ ఎక్కలేకపోతుంది, గాలి లోపలికి పోయే వాల్వుల మీద కార్బన్ మసి పట్టింది. ఇవన్నీ నువ్వు రాసినవే, ఇంతవరకూ బాగానే ఉంది. తరవాత మీ మిస్త్రీ ఏం చేశాడు? ఒక సీసా మందు పెట్రోల్ ట్యాంకులో పోసి, బండిని ఘాటీ మీద ఓ తిప్పు తిప్పాడు. నల్లటి పొగ పోయింది, ఇంజిన్ వీణలా మోగింది, అక్కడ మొగుడు సూరత్‌లో ఉన్న ఆవిడ నవ్వింది, కథ కంచికెళ్ళింది.

తల్లీ, ఆ మందు వాల్వు దాకా వెళ్ళదు!

నీ కవరు మీద వెనక వైపు రబ్బరు స్టాంపు చూశాను. మోటార్ వర్క్స్ అని ఉంది, గుణుపూర్ చిరునామా. అంటే ఆ చెంచా అడిగిన మనిషి ఎవరో నాకు తెలిసిపోయింది. అలాంటి ఇంట్లో పుట్టి ఈ తప్పు రాశావంటేనే నా బాధ. వంటింట్లోంచి గుమ్మం దాకా వెళ్ళి "నాన్నా, ఇది కరెక్టేనా" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది కదా!

పాత ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజెక్టర్ వాల్వు బయట, గాలి వచ్చే దారిలో ఉంటుంది. పెట్రోల్ తుంపర వాల్వు వీపు మీద పడి, అక్కణ్ణించి గాలితో కలిసి లోపలికి పోతుంది. పోతూ పోతూ వాల్వుని కడుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ మంట మండే చోటే ఉంది, పెట్రోల్ గట్టి ప్రెషర్‌తో సరాసరి అక్కడే పడుతుంది. వాల్వు మీదుగా వెళ్ళేది ఒట్టి గాలి. ఆ గాలి కూడా శుభ్రమైంది కాదు. ఇంజిన్ అడుగు నుంచి ఆయిల్ ఆవిరి బ్రీదర్ పైపు గుండా మళ్ళీ ఆ దారిలోకే వచ్చి కలుస్తుంది, బయటికి వదలకూడదని రూల్. ఆ ఆవిరి వేడి వాల్వు మీద పడి మాడి, దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకో పొర. కడిగే పెట్రోల్ ఆ దారిన రాదు. ట్యాంకులో పోసిన మందు పెట్రోల్‌తోనే పోతుంది కాబట్టి ఇంజెక్టర్ మూతిని శుభ్రం చేస్తే చేస్తుందేమో గానీ, వాల్వు మొహమైనా చూడదు. దొడ్డి గుమ్మంలో బురద పేరుకుంటే వీధి గుమ్మంలో నీళ్ళు చల్లినట్టు ఉంది నీ వైద్యం.

ఇదంతా నేను పుస్తకంలో చదివింది కాదు. మా మేనల్లుడి బండి నేర్పిన పాఠం. వాడి ఉద్యోగం పక్కనే పాతపట్నంలో. పొద్దున్న వెళ్తాడు, సాయంత్రం వస్తాడు, ఇంజిన్ వేడెక్కేలోపు ఊరు వచ్చేస్తుంది. ఈ జబ్బుకి అలాంటి తిరుగుడే మంచి ఎరువట. అరవై వేల కిలోమీటర్లు దాటాక పొద్దున్నే బండి మలేరియా రోగిలా ఊగడం మొదలెట్టింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం. స్కానర్ పెడితే పి0300 అని చూపించింది, అంటే ఏ సిలిండర్ అని కాకుండా అక్కడా ఇక్కడా మిస్సవుతోందని. ప్లగ్గులు మార్చారు. కాయిల్స్ మార్చారు. నీ సీసా మందు కూడా రెండుసార్లు పోశారు. తరవాత ఒక పెద్ద సర్వీస్ సెంటర్ వాళ్ళు డీకార్బనైజింగ్ అని ఒక మెషీన్ తెచ్చి, పైపు పెట్టి గంటసేపు ఏదో గ్యాస్ ఎక్కించి బిల్లు చేతికిచ్చారు. మర్నాడు పొద్దున్న బండి మళ్ళీ అలాగే ఊగింది. అడిగితే "ఇంకో రెండు సిట్టింగులు పడతాయి సార్" అన్నారు. పళ్ళ డాక్టరు కూడా అంత ధీమాగా చెప్పడు.

చివరికి విశాఖలో ఒక చిన్న షెడ్డు. అక్కడి కుర్రాడు ముందు సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి ఫోన్‌లో చూపించాడు. చూసి నోట మాట రాలేదు. తరవాత ఇన్‌టేక్ మేనిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తి, విప్పాడు. మూడు సిలిండర్లు, గాలి వచ్చే వాల్వులు ఆరు. పాలు పొంగి మాడిన గిన్నె అడుగు చూశావు కదా, అదే నలుపు. పైన కాస్త జిగట, లోపల రాయి. పెన్సిల్‌లా ఉండాల్సిన వాల్వు కాడ పుట్ట పట్టిన కర్రలా ఉంది.

ఆ కుర్రాడు ఏ సిలిండర్ మీద పని మొదలెట్టినా ముందు క్రాంక్ బోల్టుకి పానా పెట్టి చేత్తో తిప్పి, టార్చి వేసి, ఆ సిలిండర్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకున్నాయని చూసుకుంటున్నాడు. తెరిచి ఉంటే పొడి లోపలికి పోతుంది. పొడి అంటే అక్రోటు పెంకుల పొడి. ఇసక కొడితే లోహం గీసుకుపోతుంది. అక్రోటు పెంకు మసి కన్నా గట్టిది, వాల్వు కన్నా మెత్తన. రంధ్రానికి ఒక ముక్కు తగిలించి, దానికి వాక్యూమ్ గొట్టం పెట్టి, మధ్యలోంచి గాలితో ఆ పొడి కొట్టాడు. రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడు. కొట్టడం, ఆపడం, టార్చి వేసి చూడటం, మళ్ళీ కొట్టడం. ఆరో వాల్వు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఉక్కు రంగు బయటపడ్డాక వేలు పెట్టి తడిమి చూశాడు. కొత్త గాస్కెట్లు వేసి బిగించి తాళం తిప్పితే, బండి స్టార్ట్ అయిందో లేదో తెలియలేదు. నేను బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు చెప్పు. నీ సీసాలో కథ ఉందా, ఈ పూటలో కథ ఉందా? మొగుడూ పెళ్ళాల మధ్య పదేళ్ళ మసి ఒక నవ్వుతో పోయిందన్నావు. అదీ సీసా మందే!

పని తెలియకుండా పోలిక రాయకు. నలభై ఏళ్ళుగా ఈ ఒక్క మాటే చెప్పి అందరికీ విసుగు పుట్టించాను, నీకూ చెబుతున్నాను. ముందు పని ఎలా జరుగుతుందో కళ్ళారా చూడు, పోలిక అందులోంచి దానంతట అదే వస్తుంది. నీ కథలో మొగుడు సూరత్ మిల్లులో ఉన్నాడు. మొదట్లో ఏడాదికోసారి వచ్చి డబ్బు చేతికిచ్చేవాడు, ఇప్పుడు నెలనెలా ఫోన్‌లో పంపేస్తున్నాడు. నువ్వు దీన్ని రెండో పేజీలో ఒక లైనులో దాటేశావు. అసలు కథ అక్కడే ఉందమ్మా. డబ్బు పూర్వం గడప దాటి వచ్చేది. మనిషి వచ్చేవాడు, చెప్పులు విప్పేవాడు, ఓ పూట తిట్టుకునేవారు, ఓ పూట ఏడ్చుకునేవారు, గడప కడిగినట్టయ్యేది. ఇప్పుడు డబ్బు సరాసరి చేరాల్సిన చోటికే చేరుతోంది. ఒక్క రూపాయి వృథా పోవడం లేదు. గడప మీదే ఎవరూ నడవడం లేదు. నీ మిస్త్రీ ఆ ఇంజిన్ విప్పి ఆమెకి చూపిస్తే చాలు, ఒక్క ముక్క వివరించక్కర్లేదు. నువ్వు మాత్రం వీణ వాయించావు.

నా మీద నాకే నవ్వొచ్చే సంగతి ఒకటి చెబుతాను. వయసులో ఉండగా సాలూరులో ఒక లారీ ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. సుంకి ఘాటీ మీద లారీ రేడియేటర్ ఉడికిపోవడం మీద ఒక కథ రాశాను. అర్ధరాత్రి, వర్షం, డ్రైవర్ దిగి వెంటనే మూత విప్పి బకెట్టు చన్నీళ్ళు గుమ్మరిస్తాడు, తన కోపం కూడా చల్లారుతుంది. అచ్చయింది. పొంగిపోయి ఒక ముసలి డ్రైవరుకి చదివి వినిపించాను. ఆయన బీడీ ఆర్పి, "బాబూ, మరుగుతున్న రేడియేటర్ మూత విప్పితే ముందు నీ డ్రైవర్ మొహం ఊడి వస్తుంది. కోపం సంగతి ఆసుపత్రిలో చూసుకోవాలి" అన్నాడు. ఆ వారమే నన్ను కోరాపుట్ ట్రిప్పు ఎక్కించుకున్నాడు. ఘాటీలో నిజంగానే ఉడికింది. ఆయన ఏమీ చెయ్యలేదు. బండి పక్కకి తీసి, టీ కాచి, గంట కూర్చున్నాడు. తరవాత తడి గోనెపట్టా మూత మీద వేసి సగం తిప్పి ఆవిరి పోనిచ్చి, ఇంజిన్ నడుస్తుండగా చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు పోశాడు. ఆ గంటసేపు ఆయన చెప్పిన కబుర్లు ఇప్పటికీ వాడుకుంటున్నాను.

దాన్ని మళ్ళీ రాసి అదే పత్రికకి పంపితే ఎడిటర్ గారు "టెక్నికల్ వివరాలు ఎక్కువ, పాఠకుడికి అనవసరం" అని తిప్పి పంపారు. తప్పు కథ వేసుకున్నారు, ఒప్పు కథ వెనక్కి పంపారు. ఇంకో ఎడిటర్ ఇంకా ఘనుడు. నా కథలో లారీ క్లీనర్ ఉంటే, ఇంగ్లీషు మాట ఎందుకని "పారిశుద్ధ్య కార్మికుడు" అని మార్చి అచ్చేశాడు. ఘాటీ రోడ్డు మీద లారీలో పారిశుద్ధ్య కార్మికుడు ఎందుకున్నాడో తెలియక జనం ఉత్తరాలు రాశారు. ఇప్పుడు కొత్త ఫ్యాషన్ వచ్చింది. ఏడాదికోసారి సరిహద్దు కథలని ఒక సంచిక వేసి, మన యాస ఉంటే చాలు, అందులో మనిషి ఉన్నాడో లేడో చూడకుండా నెత్తిన పెట్టుకుంటారు. ఆ సంచిక అయిపోయాక మన ఊరు మ్యాప్‌లో కూడా ఉండదు. సరే, ఇవి నా గొడవలు.

నువ్వు అడిగిన అయిదు ప్రశ్నల్లో ఒకటి, ఒడియా మాటలు వాడొచ్చా అని. ఎవరు వద్దన్నారు? గుణుపూర్‌లో మీ నాన్నని అందరూ మిస్త్రీ అంటారు. నువ్వు రెండు చోట్ల మిస్త్రీ అని, ఆరు చోట్ల "వాహన సాంకేతిక నిపుణుడు" అని రాశావు. "అంతర్దహన యంత్రపు ప్రవేశ కవాటం" ఏమిటి? మీ షెడ్డులో ఎవడైనా ఆ మాట అంటే మిగతావాళ్ళు భయపడి బయటికి పరిగెడతారు. ఇన్‌టేక్ వాల్వు అను. నేనున్న ఊరు గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. బడిలో పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒకటి, పుస్తకంలో చదివేది ఇంకొకటి అని గొడవపడి, ఆయన వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడారు. కొండల్లో ఉండే సవరలని ఇంటికి పిలిపించుకుని వాళ్ళ భాష వాళ్ళ నోటి నుంచే నేర్చుకున్నారు. 1936లో ఈ ఊరు ఒడిషాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోయినంత మాత్రాన కవాటాలు తిరిగి తెచ్చుకోవాలా?

ఇంకో తప్పు. ఫ్లాష్‌బ్యాక్ 1990 అన్నావు, అందులో మిస్త్రీ గురువు కూడా డైరెక్ట్ ఇంజెక్షన్ బండే విప్పుతున్నాడు. అప్పుడు మన రోడ్ల మీద తిరిగేవి అంబాసిడర్లూ, పద్మినిలూ, మారుతి 800లూ. పెట్రోల్‌వన్నీ కార్బురేటర్ బళ్ళే. 1954లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ అని ఒకటి డైరెక్ట్ ఇంజెక్షన్‌తో వచ్చింది గానీ, అది గుణుపూర్ రాలేదు. మిత్సుబిషి జపాన్‌లో ఈ ఇంజిన్లు మొదలెట్టిందే 1996లో. కాబట్టి గురువు చేత కార్బురేటర్ జెట్లు, అంటే పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు, ఊదించు. పెట్రోల్ వాసన, నోటికి ఆ చేదు, అవన్నీ మీ నాన్నకి గుర్తుంటాయి. డీజిల్ బళ్ళనీ ఇందులో కలిపేశావు. వాటి మసి వేరు, పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ నుంచి వచ్చే మసి ఆయిల్‌తో కలిసి మేనిఫోల్డ్ నిండా తారులా పడుతుంది. ఆ పేరా కొట్టెయ్.

కంపెనీలకి ఈ సంగతి తెలియదనుకోకు. టయోటా వాళ్ళు 2005 నుంచే కొన్ని ఇంజిన్లలో లోపల ఒకటి, బయట ఒకటి, రెండు ఇంజెక్టర్లూ పెడుతున్నారు. బయటిది వాల్వుని తడుపుతుంది. మనకి దొరికే చిన్న టర్బో బళ్ళలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. ఆయిల్ టైముకి మార్చుకోవడం, కంపెనీ చెప్పిన గ్రేడే వాడటం, అప్పుడప్పుడు దూరం నడపడం. దీనివల్ల మసి పట్టడం ఆలస్యమవుతుంది, పట్టింది మాత్రం పోదు. విశాఖ కుర్రాడు బ్రీదర్ పైపు మధ్యలో క్యాచ్ క్యాన్ అని చిన్న డబ్బా బిగించుకోమన్నాడు, ఆయిల్ ఆవిరి అందులో దిగుతుందట. వారంటీ ఉన్న బండికి ముందు అడిగి పెట్టుకోవాలని కూడా చెప్పాడు. నిజాయితీ మనిషి.

ఇప్పుడే ఇంకో కథ పంపకు. ఒక ఆదివారం షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చో. నోట్‌బుక్ బయటికి తీయకు, మీ నాన్న బిగుసుకుపోతారు. ఆ నల్లటి దాన్ని ఆయన ఏమంటారో విను. కార్బన్ అంటారా, మసి అంటారా, మడ్డి అంటారా, ఒడియాలో ఇంకేమైనా అంటారా. వాల్వు మూసుకుందో లేదో ఆయన ఎలా తెలుసుకుంటారో అడుగు, ఆయన పద్ధతి వేరే ఉండొచ్చు. రాత్రి ఇంటికెళ్ళి రెండు పేజీలు, ఆయన మాటల్లోనే రాసి పంపు.

అలాగే మా వాడి బండికి ఆ డబ్బా ఆయన బిగిస్తారేమో కనుక్కో. చేస్తానంటే వచ్చే నెల మొదటి ఆదివారం బండి వేసుకుని వస్తాం. నేనూ వస్తాను. భోజనం మీ ఇంట్లోనే, చెంచాలు వద్దు.

ఆశీస్సులతో,
పర్లాకిమిడి మావయ్య