బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఈ పది రోజులు ఎట్లా గడపాలి?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ముట్లు ఆగిపోయి రెండేళ్లు దాటాక, యాభై ఒకటో ఏట మళ్లీ రక్తస్రావం కనిపించిందని, స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 11 మిల్లీమీటర్ల మందం ఉందని తేలిందని, పోయిన గురువారం హన్మకొండలో బయాప్సీ చేసి రిపోర్టుకు పది రోజులు పడుతుందన్నారని రాశారు. పరకాలలో ఇంట్లో ఎవరికీ చెప్పలేక, రాత్రుళ్లు నిద్ర పట్టక, హైదరాబాద్‌లో చదువుకుంటున్న బిడ్డకు పరీక్షల ముందు చెప్పాలా వద్దా తేల్చుకోలేక సతమతమవుతున్నానని కూడా రాశారు. నేను డాక్టరును కాను. హన్మకొండలో ఉంటూ ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయురాలిని. నాలుగేళ్ల కింద, నా యాభై మూడో ఏట, బతుకమ్మ రోజుల్లో ఇదే కారణంతో ఇదే పరీక్ష చేయించుకుని పద్నాలుగు రోజులు ఎదురుచూశాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ఆ పద్నాలుగు రోజుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసింది క్యాన్సర్ అన్న మాటను నోటితో అనకుండా లోపలే మోయడం. మన ఇళ్లలో ఆ పేరు పలకడమే అశుభం. వీధిలో ఎవరికో ఆ జబ్బని నేను అనబోతే "గసొంటి మాట నోట్లకెల్లి రానియ్యకు బిడ్డా, తథాస్తు దేవతలుంటరు" అని మా అత్తమ్మ ఎన్నోసార్లు ఆపింది. చదువుకున్నదాన్నే అయినా, నా వంతు వచ్చేసరికి ఆ మాట నా గొంతులోనూ అడ్డం పడింది. దానికి తోడు బతుకమ్మ పండుగ. రక్తస్రావం అవుతుండగా గౌరమ్మను ముట్టుకోవద్దనే పట్టింపు మా ఇంట్లో గట్టిగా ఉంది. నాకు ముట్లు ఆగి రెండేళ్లయిందని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, దూరంగా ఎందుకు ఉంటున్నానో చెప్పడానికి మోకాళ్ల నొప్పులని అబద్ధమాడాను. వాకిట్లో బతుకమ్మలు పెట్టుకుని ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే, నేను అరుగు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ ఉండేదాన్ని.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. అందుకని నాకు అబద్ధమాడే పని లేకుండా పోయింది. ఆ సాయంత్రం మా అక్క నర్సంపేట నుంచి మర్నాటి కోసం తంగేడు పూలు, గునుగు పూలు తీసుకుని వచ్చింది. నా ముఖం చూసి "ఏమైందే, నిజం చెప్పు" అని అడిగింది. "క్యాన్సరేమోనని ముక్క తీసి పరీక్షకు పంపిన్రు" అన్నాను. అప్పటికి ఆరు రోజులుగా మనసులో వందసార్లు అనుకున్న మాటను మొదటిసారి నా చెవులతో విన్నాను. అక్క పూలగంప కింద పెట్టి, నా పక్కన కూర్చుని, "రిపోర్టు ఎప్పుడిస్తమన్నరు?" అని ఒక్కటే అడిగింది. ఏడవలేదు, ధైర్యం చెప్పలేదు. ఆ రాత్రి నేను నాలుగు గంటలు నిద్రపోయాను.

అందుకే చెల్లె, నా మొదటి సలహా ఇదే: ఒక్కరికి చెప్పండి. ఆ ఒక్కరిని మాత్రం చూసి ఎంచుకోండి. విన్న వెంటనే నలుగురికి ఫోన్ చేసేవారు కాకూడదు. మీకన్నా ముందు తామే ఏడ్చి, మిమ్మల్నే ఓదార్చే పనిలో పెట్టేవారూ కాకూడదు. "మీ ఇంటాయనకు చెప్పండి" అని అందరూ అంటారు కానీ, మొదట చెప్పేది భర్తకే కావాలన్న నియమం ఏమీ లేదు. నేను అక్కకు చెప్పిన మర్నాడు మా ఆయనకు చెప్పాను. ఏదో దాస్తున్నానని ఆయనకు అప్పటికే తెలుసు, ఏమిటన్నదే తెలియదు.

ఇక ఆ రిపోర్టు అంత ఆలస్యం ఎందుకవుతుందన్నది మీకు చెప్పాలి, ఎందుకంటే ఆలస్యమవుతున్న కొద్దీ "ఏదో ఉంది కాబట్టే ఇవ్వడం లేదు" అని మనసు కథ అల్లుతుంది. నాకు బయాప్సీ చేసిన చోట ల్యాబ్ లేదు. ముక్కను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి మా చేతికే ఇచ్చి, ల్యాబ్‌కు తీసుకెళ్లమన్నారు. ఆటోలో ఆ డబ్బాను ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ముక్క చెడకుండా పోసే, నీళ్లలా ఉన్న ఫార్మలిన్ అనే మందులో, బియ్యపు నూకల్లాంటి నాలుగైదు ముక్కలు ఆటో కుదుపుకు పైకి లేచి మళ్లీ అడుగుకు చేరుతున్నాయి. మూత మీద అంటించిన కాగితం మీద నా వయసు 35 అని రాసి ఉంది. ల్యాబ్‌లో ఇచ్చేముందే దాన్ని 53గా దిద్దించాను. వయసును బట్టి, ముట్లు ఆగాయా లేదా అన్నదాన్ని బట్టి అదే పొరను వేరుగా అర్థం చేసుకోవాల్సి వస్తుంది కాబట్టి అది చిన్న తప్పు కాదు. మీ రసీదు మీద పేరు, వయసు, ముట్లు ఆగిన సంగతి సరిగా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. చేతిలో చేయదగ్గ పని ఒకటి ఉండడం కూడా మనసుకు మంచిదే.

ఆ ముక్కలు ఫార్మలిన్‌లో గట్టిపడాలి, తర్వాత వాటిలోని నీరంతా తీసి మైనంలో పోత పోయాలి, ఆ మైనపు దిమ్మెను మన వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలుచగా, మూడు నుంచి ఐదు మైక్రాన్ల పొరలుగా కోయాలి, గాజు పలక మీద పరిచి రంగు వేయాలి, అప్పుడు పాథాలజీ డాక్టరు మైక్రోస్కోపు కింద చూడాలి. సందేహం వస్తే ఇంకొన్ని పొరలు కోస్తారు, లేదా వేరే రకం రంగు పరీక్ష చేస్తారు. నా రిపోర్టు చెప్పిన తేదీకి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది; మధ్యలో పండుగ సెలవులు వచ్చాయి, అంతే. ఆ నాలుగు రోజుల్లో నేను అల్లుకున్న కథలేవీ నిజం కాలేదు. ఆలస్యాన్ని బట్టి ఫలితాన్ని ఊహించవద్దు.

అంకెల విషయం. మీరు 11 అన్న అంకెను పట్టుకుని కూర్చున్నారని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. ముట్లు ఆగాక రక్తస్రావం అయినప్పుడు పొర 4 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. అంతకు మించితే ముక్క తీసి చూడాలి. 11 అన్న అంకె చెప్పేది కూడా "ముక్క తీసి చూడాలి" అనే. పాలిప్, అంటే పొర మీద పెరిగే చిన్న కండ ఉన్నా, పొర మామూలుగా మందమైనా ఆ అంకె పెరుగుతుంది. ముట్లు ఆగాక రక్తస్రావం అయిన వందమందిలో గర్భసంచి క్యాన్సర్ తేలేది దాదాపు తొమ్మిది, పది మందికి. పొర మందం ఎక్కువైతే ఆ అవకాశం కొంత పెరుగుతుందన్న మాటను మీ దగ్గర దాచను, అందుకే పరీక్ష చేశారు. కానీ ఈ క్యాన్సర్ వచ్చినవారిలో చాలామందికి రక్తస్రావం ముందుగానే హెచ్చరిస్తుంది కాబట్టి, జబ్బు గర్భసంచి దాటకముందే ఎక్కువగా దొరుకుతుంది. అప్పుడు ఆపరేషన్‌తోనే నయమయ్యే వాళ్లు ఎక్కువ. మీరు రక్తం చూసి నెలలు గడపకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లారు. చేయాల్సినది మీరు చేశారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. సంగతి తెలిస్తే బంధువుల్లో ఎవరో ఒకరు "రిపోర్టు దాకా ఎందుకు, గర్భసంచి తీసేయించుకో, పీడ పోతది" అంటారు. మన తెలంగాణలో, ఆంధ్రలో గర్భసంచి తీసేయడం ఎంత మామూలైపోయిందంటే, దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఈ రెండూ ముందు వరుసలో ఉన్నాయి. రిపోర్టు రాకముందు ఆ పనికి ఒప్పుకోవద్దు. క్యాన్సర్ కాకపోతే చాలాసార్లు అంత ఆపరేషనే అవసరం ఉండదు. క్యాన్సరే అయితే, ఎంతవరకు తీయాలి, ఇంకెక్కడి నుంచి ముక్కలు తీసి చూడాలి అన్నది ఆ జబ్బు ఆపరేషన్లలో అనుభవం ఉన్న డాక్టరు ముందే నిర్ణయించాలి. భయం పోగొట్టుకోవడానికి ఆపరేషన్ చేయించుకోకూడదు.

రాత్రుళ్ల గురించి అడిగారు. నాకు మూడు గంటలకు మెలకువ వచ్చేది, చేయి దానంతటదే ఫోన్ మీదకు పోయేది, ఎవరో పెట్టిన వీడియోలో ఎవరికో జరిగినదంతా నాకే జరుగుతున్నట్టు చూసేదాన్ని. అక్క వచ్చాక ఫోన్ వంటింట్లో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను. భయాన్ని రావద్దంటే పోదు. అందుకని దానికొక వేళ పెట్టాను. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు వరకు భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని, అనుకోవాల్సిన చెడంతా అనుకునేదాన్ని, ఏడుపు వస్తే ఏడ్చేదాన్ని. మిగతా సమయంలో ఆ ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అని చిన్న పుస్తకంలో ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేదాన్ని. మొదటి మూడు రోజులు ఇది పిచ్చిపనిలా అనిపించింది, నాలుగో రోజు నుంచి పని చేసింది. అట్లా రాసిన వాటిని చూస్తే, సగం నా ఆరోగ్యం గురించి కాదు: ఖర్చు ఎంతవుతుంది, ఎక్కడ చేయించాలి, ఇల్లు ఎవరు చూస్తారు. వీటికి రిపోర్టుతో పని లేకుండానే జవాబులు దొరుకుతాయి. క్యాన్సర్ చికిత్సలు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి, ఆ పథకం కింద ఇచ్చే సాయం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి ప్రభుత్వానిదే, క్యాన్సర్ కోసమే ఉన్నది. కార్డు, ఆధార్ ఒక సంచిలో పెట్టుకుంటే ఒక భయం తగ్గుతుంది.

గుండె దడదడలాడుతుంటే ఊపిరి పీల్చిన దానికన్నా వదిలేది నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి. ఐదు నిమిషాల్లో తేడా తెలుస్తుంది. ఈ రోజుల్లో కడుపులో ఏ కొంచెం నొప్పి వచ్చినా జబ్బు పాకుతోందనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయితే జ్వరం వచ్చినా, నొప్పి తట్టుకోలేనంతగా ఉన్నా, రక్తం ధారగా పోతున్నా రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వరుసగా నిద్ర లేకపోతే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి, దానికి చికిత్స ఉంది. మాట్లాడే మనిషి దొరకని రాత్రి 14416కు, అంటే టెలీ మానస్‌కు ఫోన్ చేయవచ్చు; డబ్బులు తీసుకోరు, రాత్రైనా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ ఫోన్ వెంటనే చేయండి, ఇంట్లోవాళ్లను లేపండి.

రిపోర్టును ల్యాబ్ వాళ్లు రాత్రి పూట వాట్సాప్‌లో పంపినా మీరు ఒంటరిగా తెరవవద్దు. నేను తెరిచాను. "హైపర్‌ప్లాసియా" అన్న మాట చూసి అదే క్యాన్సర్ అనుకుని తెల్లవారిందాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. అంటే పొర అతిగా పెరగడమని, నా దాంట్లో కణాల్లో అసహజమైన మార్పు లేదని, హార్మోను చికిత్సతో తగ్గుతుందని పొద్దున డాక్టరు చెప్పింది. చికిత్స తీసుకున్నాను, ఆరు నెలలకొకసారి మళ్లీ ముక్క తీసి చూశారు. "నమూనా సరిపోలేదు" అని వచ్చినా దిగులు పడవద్దు, మళ్లీ తీయాలి, అంతే. ఏ రిపోర్టు వచ్చినా, స్లైడ్లు, మైనపు దిమ్మెలు ల్యాబ్‌లో ఉంటాయని గుర్తుంచుకోండి. పెద్దాసుపత్రికి వెళ్తే వాటిని అడుగుతారు.

నాకు అట్లా తేలింది కాబట్టి మీకూ అట్లాగే తేలుతుందని నేను అనను. ముక్క ఇవ్వడానికి వెళ్లిన రోజు ల్యాబ్ బెంచీ మీద నా పక్కన కూర్చున్నామెకు క్యాన్సరే వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, పరీక్షలకు వెళ్లి వస్తూ ఉంటుంది, పోయిన సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర కలిసింది. ఎదురుచూసిన రోజులే అన్నిటికన్నా కష్టమనిపించాయని, తెలిసిన తర్వాత ఏ రోజు ఏం చేయాలో ఎవరో ఒకరు చెబుతూ వచ్చారని ఆమె నాతో అన్నది.

మీ బిడ్డ సంగతి. నేను మా అబ్బాయికి రిపోర్టు వచ్చాకే చెప్పాను, వాడి చదువు చెడుతుందని. "నేను పరాయోణ్నా అమ్మా?" అన్నాడు, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మీ అమ్మాయి పరీక్ష ఏ రోజో చూసి, పరీక్ష లేని ఒక మధ్యాహ్నం చెప్పండి, రాత్రి వద్దు. తెలిసినంతే చెప్పండి: "రక్తం కనబడ్డది, పరీక్షకు ఇచ్చిన, క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, ఆదివారం దాక తెలుస్తది. నువ్వు చదువుకో, ఆ రోజు ఫోన్ దగ్గర పెట్టుకో."