దాగలి కోసం లోన్ వద్దు, ముందు ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టండి

ప్రశ్న: తీరిక వేళల్లో కమ్మరి పని నేర్చుకుంటున్నాను. రైలు పట్టా ముక్కను అడ్డంగా పెట్టి దాగలిగా (కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మగా) వాడుతున్నాను. దెబ్బ సరిగ్గా పడటం లేదు. వంద కిలోల అసలైన దాగలి కొనడానికి 24 నెలల పర్సనల్ లోన్ దొరుకుతోంది, 12 శాతం ఫ్లాట్ వడ్డీ. కత్తులు, కొక్కేలు అమ్మి ఈఎంఐ కడదామనుకుంటున్నాను. చేతిలో నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బుంది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. పనిముట్టు కాబట్టి పెట్టుబడే అనుకుని, ఇంకా మొదలుకాని అమ్మకాల మీద ఈఎంఐ లెక్క వేసుకోవడం చాలామంది చేస్తున్న పొరపాటు. ఫ్లాట్ వడ్డీని మీరు తీర్చేసిన అసలుపైనా చివరిదాకా వేస్తారు. తగ్గుతున్న బాకీపై లెక్కిస్తే ఈ 12 శాతం కాస్తా 21 దాటుతుంది. అభిరుచికి అంత వడ్డీ ఏమిటండీ?

నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది ఆ నెలన్నర డబ్బు. ఈ పనిలో ప్రమాదం వచ్చేది చేతికీ కంటికీ. చెయ్యి కాలి నెల రోజులు కూర్చుంటే జీతానికీ అమ్మకాలకూ ఒకేసారి గండి పడుతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. పైగా ఈఎంఐ మొదలవగానే నెల ఖర్చు పెరిగి, ఇప్పుడున్న సొమ్ము నెలన్నరకు కూడా చాలదు. కనీసం ఆరు నెలల ఖర్చులు చేరేదాకా దాగలి ఊసే వద్దు.

ఈలోగా పట్టాను నిలబెట్టండి. అడ్డంగా ఉన్నప్పుడు దెబ్బ కింద ఉండేది సన్నటి నడుము. అది ఊగి బలాన్ని మింగేస్తుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో అర మీటరు ముక్క 30 కిలోలు. నిలబెడితే ఆ బరువంతా దెబ్బ కిందికే వస్తుంది. కిలో సుత్తికి అది చాలు. పై కోతను గ్రైండర్‌తో చదును చేసి, అంచులు కాస్త గుండ్రం చేయండి. పదునుగా వదిలితే కాలిన ఇనుము మీద గాట్లు పడతాయి. బరువైన దుంగలో కదలకుండా దించండి. చెయ్యి కిందికి వదిలి నిలబడితే పిడికిలి ఎత్తుకు పైభాగం రావాలి. ముఖం చిన్నదే, కానీ సుత్తి ముఖం అంతకంటే చిన్నది.

ఖర్చు పెట్టాల్సింది కంటి అద్దాలకు, కడ్డీ జారకుండా పట్టే పట్టకారుకు. ఆరోగ్య, ప్రమాద బీమా పాలసీల్లో మినహాయింపులు చదవండి. ఇంటి దగ్గర కొలిమి ఉంటే ఇంటి బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి.

చవక అని పోత ఇనుము దాగలి కొనకండి, అంచులు పెచ్చులూడతాయి. ఆ ఆరు నెలల డబ్బు చేరాక అదే ఈఎంఐ మొత్తాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేసి, వాడిన దాగలిని నగదుకు కొనండి. బేరానికి వెళ్లేటప్పుడు బేరింగు గుండు ఒకటి పట్టుకెళ్లండి. 25 సెంటీమీటర్ల పైనుంచి దాగలి మీదికి వదిలితే అది 18 దాకా తిరిగి లేవాలి. సగం కూడా లేవకపోతే వదిలేసి రండి.