బాయ్‌కాట్‌లో కుర్రాడెవరు, మంచమేంటి?

ప్రశ్న: సార్, వార్తల్లో రోజూ బాయ్‌కాట్ బాయ్‌కాట్ అని వింటూనే ఉంటాం, బాయ్ అంటే కుర్రాడు, కాట్ అంటే మంచం, ఈ రెండూ కలిసి బహిష్కరణ ఎలా అయ్యాయో ఎంత బుర్ర గోక్కున్నా తట్టట్లేదు. కాస్త చెప్పండి.

జవాబు: కుర్రాడూ లేడు, మంచమూ లేదండీ, అదొక మనిషి ఇంటిపేరు! చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్. తమాషా ఏంటంటే బహిష్కరించింది ఆయన కాదు, జనమే ఆయన్ని బహిష్కరించారు.

1880, ఐర్లాండ్‌లో మేయో కౌంటీ. లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి అక్కడ పొలాలుండేవి, ఆయన ఎక్కడో దూరంగా తన కోటలో ఉంటే ఇక్కడ కౌలు వసూలు చేసే ఏజెంటు మన బాయ్‌కాట్, ఒకప్పుడు సైన్యంలో చేశాడు కాబట్టి అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. అంతకుముందు ఏడాది పంటలు పోయాయి, కౌలు నూటికి 10 తగ్గిస్తామని దొర అంటే కాదు 25 తగ్గించాలని రైతులు పట్టుబట్టారు, కుదరలేదు, దాంతో బాయ్‌కాట్ కొంతమందిని పొలాల్నించి ఖాళీ చేయించడానికి నోటీసులు పంపాడు. అక్కడ కథ అడ్డం తిరిగింది.

అప్పటికి రెండ్రోజుల ముందో మూడ్రోజుల ముందో, సెప్టెంబర్ 19న ఎన్నిస్ అనే ఊళ్ళో పార్నెల్ అనే నాయకుడు సభ పెట్టి, పక్కవాణ్ణి వెళ్ళగొట్టిన పొలాన్ని ఎవడైనా కౌలుకి తీసుకుంటే వాణ్ణేం చేద్దాం అని అడిగాడు, కాల్చేయాలని కొందరు అరిచారు, వద్దు, వీధిలో అంగడిలో చర్చిలో ఎక్కడ కనబడ్డా పలకరించకండి చాలు అన్నాడు. నిజానికి ఆ ప్రసంగంలో బాయ్‌కాట్ ఊసే లేదు, కానీ జనం ఆ మంత్రాన్ని మొదట గట్టిగా వాడింది ఈయన మీదే. కూలీలు మానేశారు, ఇంట్లో పనివాళ్ళు వెళ్ళిపోయారు, కొట్టువాళ్ళు సరుకులివ్వలేదు, ఒక్క దెబ్బ పడకుండా మనిషి ఒంటరైపోయాడు. ఆయన లండన్ టైమ్స్ పత్రికకి ఉత్తరం రాసి గోడు వెళ్ళబోసుకుంటే, కోతలకని వేరే కౌంటీల నుంచి ఓ 50 మంది వచ్చారు, వాళ్ళకి కాపలాగా సైనికులు, పోలీసులు! పంట విలువ 500 పౌండ్లైతే దాన్ని కోయించడానికి అయిన ఖర్చు 10,000 పౌండ్లని అప్పట్లో లెక్కగట్టారు. డిసెంబర్ మొదట్లో ఆయన ఐర్లాండ్ వదిలేశాడు.

ఈ పేరుని మాటగా మార్చింది జాన్ ఓమాలీ అనే ఊరి క్యాథలిక్ ఫాదర్ అంటారు. రెడ్‌పాత్ అనే అమెరికన్ విలేకరి ‘ఆస్ట్రసైజ్’ (అంటే వెలివేయడం) అని రాయబోతే, మా రైతులకి అంత పెద్ద మాట అర్థం కాదు, ‘బాయ్‌కాట్ చేయడం’ అందామా అన్నాడట. ఆ ఏడాది తిరక్కుండానే పేపర్లెక్కింది, తర్వాత ఫ్రెంచి, జర్మన్, జపనీస్ కూడా దాన్నే తీసేసుకున్నాయి. నాకైతే ఒకటనిపిస్తుంది, పొలాలు లార్డ్ ఎర్న్‌వి, అడిగినంత కౌలు తగ్గించనన్నది ఆయన, మాట పడింది మాత్రం గుమస్తా!

ప్రశ్న: మరి మనిషి పేరైతే ఇంగ్లీషులో పెద్ద అక్షరంతో రాయాలి కదా?

జవాబు: మొదట్లో అలాగే రాసేవాళ్ళండీ. ఇప్పుడక్కర్లేదు, డీజిల్ కూడా ఒకాయన ఇంటిపేరే, దాన్నీ చిన్న అక్షరంతోనే రాస్తున్నాం.