బీరువా అంటే నామోషీనా?

సందేహం: నిజాంపేటలో కొత్తగా కొన్న ఫ్లాట్‌కి ఇంటీరియర్ పని చేయిస్తున్నాం. డిజైనర్ కుర్రాడు పంపిన కొటేషన్‌లో వార్డ్‌రోబ్, దివాన్ కాట్, సోఫా తప్ప ఒక్క తెలుగు మాట లేదు. మా అత్తగారు "పడగ్గదిలో బీరువా ఎక్కడ పెడతావు బాబూ?" అని అడిగితే, "బీరువా అంటే ఓల్డ్ ఫ్యాషన్ ఆంటీ, వార్డ్‌రోబ్ అనండి" అని నవ్వాడు. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. ఇంతకీ బీరువా తెలుగు మాటేనా? ఫర్నిచర్‌ను తెలుగులో ఏమనాలి? గృహాలంకరణ, గృహాలంకారం, వీటిలో ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, వ్యాకరణం తరవాత చూద్దాం, ముందు మీ అత్తగారి సంగతి తేలాలి. ఆవిడ తప్పేమీ మాట్లాడలేదు. ఆ కుర్రాడికి తెలియదు గానీ, బీరువా వంశచరిత్ర ముందు అతని వార్డ్‌రోబ్ తలెత్తుకోలేదు.

బీరువా పుట్టుకతో తెలుగు మాట కాదు. అసలు మాట ఫ్రెంచివాళ్ళది, బ్యూరో. దాని వెనక బ్యూరెల్ అనే ఇంకా పాత మాట ఉంది. బ్యూరెల్ అంటే ముతక ఉన్నిబట్ట. మన గొంగడిని తలుచుకోండి, చాలు. రాతకోతలకు కూర్చునే బల్ల మీద ఆ బట్ట పరిచేవారు. పోగాపోగా బట్ట పేరు కింద ఉన్న బల్లకు దిగింది. బల్లకు సొరుగులు అమర్చారు, పేరు సొరుగులతో సహా ఉండిపోయింది. తరవాత ఆ బల్ల వేసిన గదినీ బ్యూరో అన్నారు, ఆ గదిలో నడిచే కచేరీనీ, అంటే ఆఫీసునీ, బ్యూరో అన్నారు. 18వ శతాబ్దంలో ఆ కచేరీ గుమాస్తాల పెత్తనం మితిమీరితే, ఫ్రాన్సులోనే ఎవరో విసుగెత్తి దానికి బ్యూరోక్రసీ అని పేరు పెట్టారు. అంటే "బల్లల రాజ్యం" అన్నమాట. రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ వ్యుత్పత్తి నేను వివరించి చెప్పనక్కర్లేదు.

ఆ మాటే మన పేపర్లలో "హైదరాబాద్ బ్యూరో"గా ఆఫీసులో కూర్చుంది, మన పడగ్గదుల్లో బీరువాగా నిలబడింది. అమెరికాలో ఇప్పటికీ పడగ్గదిలో బట్టలు పెట్టుకునే సొరుగుల పెట్టెను బ్యూరో అనే అంటారు. తమిళులు బీరో అన్నారు. మనం చివర ఒక వా తగిలించి నోటికి ఒదిగేలా చేసుకున్నాం. 1897లో తాళాలతో మొదలైన గోద్రెజ్ వారు 1923లో ఉక్కు బీరువాలు చేయడం మొదలుపెట్టాక, కొన్నాళ్ళకు అది పెళ్లిసామానులో చేరింది. మా అమ్మ బీరువాకు నిలువుటద్దం ఉండేది. తలుపు తీస్తే కర్పూరం ఉండల వాసన వచ్చేది. ఫ్రాన్సులో పెత్తనం బ్యూరో గుమాస్తాదైతే, మా ఇంట్లో బీరువా తాళాలు కొంగున ముడేసుకున్న ఆవిడది. ముతకబట్టగా బయలుదేరిన మాట పట్టుచీరలు దాచే చోటికి చేరింది. ఇన్ని మజిలీలు చేసి వచ్చిన మాటను "ఓల్డ్ ఫ్యాషన్" అని తోసెయ్యడానికి ఆ కుర్రాడికి నోరెలా వచ్చిందో!

ఇక అతగాడి వార్డ్‌రోబ్ సంగతి. అది కూడా ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వెళ్ళిన మాటే. వార్డ్ అంటే కాపలా, రోబ్ అంటే దుస్తులు. మొదట్లో అది పెట్టె కాదు, దుస్తులు భద్రపరిచే గది. దీనికి గార్డెరోబ్ అనే కవల సోదరుడు ఉన్నాడు. పాత ఐరోపా కోటల్లో మరుగుదొడ్డిని మర్యాదగా ఆ పేరుతో పిలిచేవారు. మీ అత్తగారితో ఈ ముక్క మాత్రం తప్పకుండా చెప్పండి. డిజైనర్ ఎదురుగా చెబితే మరీ మంచిది.

నిజమైన వార్డ్‌రోబ్ చూడాలంటే షోరూమ్‌కి కాదు, పురానీ హవేలీకి వెళ్ళాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం చేయించిన కొయ్య అల్మారాలు అక్కడి నిజాం మ్యూజియంలో ఉన్నాయి. పొడుగాటి హాలు, రెండు వైపులా తలుపులే తలుపులు, పైన ఇంకో అంతస్తు. ఆయన కట్టిన బట్ట మళ్ళీ కట్టేవాడు కాదని ఊళ్ళో చెప్పుకునేవారు. మనిషి నడుచుకుంటూ లోపలికి వెళ్ళగలిగితే దాన్ని వార్డ్‌రోబ్ అనండి, నాకు అభ్యంతరం లేదు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ పెట్టెకు అంత పేరెందుకు?

అయితే కుర్రాడి పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. నేనెరిగిన ఇళ్ళలో విడిగా తెచ్చి నిలబెట్టేది బీరువా, గోడలో కలిసిపోయేది అల్మారా. హైదరాబాద్‌లో అల్మారీ అనడమూ ఉంది. ఇది పోర్చుగీసు నుంచి వచ్చింది. దాని మూలమైన లాటిన్ మాటకు ఆయుధాలు దాచే చోటని అర్థం. మీవాడు చేసేది గోడకు బిగించేదే కాబట్టి, నిక్కచ్చిగా చూస్తే అది అల్మారా. కానీ మీ అత్తగారు "బీరువా ఎక్కడ పెడతావు" అన్నారు. పెట్టేది బీరువాయే కదా! ఈ తేడా పాటించనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో తగవు వద్దు.

దివాన్ కథ బీరువాకు తలకిందులు. బీరువా బల్ల నుంచి కచేరీకి వెళితే, దివాన్ కచేరీ నుంచి మంచానికి వచ్చింది. పార్శీలో దివాన్ మొదట లెక్కల చిట్టా. ఆపైన ఆ చిట్టాలు ఉండే కచేరీ, దాన్ని నడిపే మంత్రి. మన దివాణం అలా వచ్చిందే. 1853లో హైదరాబాద్ దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ వంశం వాళ్ళ భవనాల పేరే పాతబస్తీలో దివాన్ దేవిడీగా మిగిలింది. తుర్కీ కొలువుకూటాల్లో గోడల వెంట పరిచిన మెత్తటి ఆసనాలకూ ఆ పేరు అంటుకుంటే, ఐరోపావాళ్ళు ఆసనాన్ని పట్టుకెళ్ళి కొలువును వదిలేశారు. ఇప్పుడు అదే దివాన్ కాట్‌గా ఈఎంఐలో దొరుకుతోంది.

ఆ కాట్ కూడా ఇంగ్లీషువాళ్ళ సొంతం కాదు. ఇక్కడి ఖాట్‌ను వాళ్ళు పట్టుకెళ్ళారు. ఖాట్‌కు మూలం సంస్కృతంలోని ఖట్వ. ఆ ఖట్వ కూడా నులక కట్టే మన "కట్టు" ధాతువు నుంచి వెళ్ళిందనీ, తమిళంలోని కట్టిల్ దానికి సాక్ష్యమనీ కొందరు పండితుల వాదన. నాకు ఆ వాదన ముద్దొస్తుంది గానీ, ముద్దొచ్చిన ప్రతి వ్యుత్పత్తినీ నమ్మకూడదని మా గురువుగారు కేకలేసేవారు.

సోఫా, కుర్చీ అరబ్బీ మాటలు. పీఠం మనకు పీట అయింది. మంచం, పొలంలోని మంచె ఒక తల్లి బిడ్డలే. ఇంతే, వీటిని సాగదీయను.

మంచం మాట వచ్చింది కాబట్టి పోతనను పలకరించకుండా పోలేను. "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల" అని గజేంద్రమోక్షంలో పద్యం ఎత్తుకుంటాడు. ఇప్పటి రియల్ ఎస్టేట్ బ్రోషర్ ఏదీ దీనికి సాటిరాదు. ఊరు, నగరు, ఆ మూలనున్న మేడ, పక్కన మందారవనం, అందులో అమృత సరస్సు, ఆ సరస్సు ఒడ్డున "ఇందుకాంతోపలోత్పల పర్యంక". చంద్రకాంత శిల మీద కలువల పాన్పు. ఒక్క పద్యంలో ఊరి పొలిమేర నుంచి పడక దాకా నడిపించుకుపోతాడు. ఆ పర్యంకమే ప్రాకృతాల మీదుగా హిందీకి వెళ్ళి పలంగ్ అయింది, మన పల్లకీ దానికి చుట్టం. తీరా అంత సొగసైన పాన్పు మీద స్వామి ఎంతసేపు ఉన్నాడు? ఏనుగు కేక వినపడగానే "సిరికిం జెప్పఁడు", లేచి పోయాడు. "ఉత్పల పర్యంక" అని ఒకసారి పైకి చదవండి, ఆ ఒత్తులు నాలుకకు ఎంత చల్లగా తగులుతాయో! "కింగ్ సైజ్ బెడ్ విత్ హైడ్రాలిక్ స్టోరేజ్" అని కూడా పైకి చదవండి.

ఫర్నిచర్‌కు ఒక్క తెలుగు మాట కావాలని అడిగారు. గృహోపకరణాలు అనొచ్చు గానీ, పేపర్లవాళ్ళు ఆ మాటను ఫ్రిజ్‌లకూ మిక్సీలకూ రాసిచ్చేశారు, ఇక వెనక్కి రాదు. చెక్కవాటికి "చెక్కసామాను" సరిపోతుంది, మొత్తానికైతే "ఇంటిసామాను". సామాను కూడా పార్శీదే కదా అంటారేమో, అనండి. ఫర్నిచర్ అన్నా మీకు శిక్షేమీ వెయ్యను. "గృహసజ్జా సామగ్రి" లాంటి వాటిని పుట్టించేవాళ్ళ మీదే నా కోపమంతా.

అలంకరణ, అలంకారం రెండూ ఒప్పే. పని జరుగుతుంటే అలంకరణ, ఆ పని ఫలితం అలంకారం అని నా వాడుక. మీరు మార్చి రాసినా ఎవరూ పట్టుకోలేరు.

ఆ కొటేషన్ మళ్ళీ వస్తే ఒకటి చూడండి. "ఫోర్ పోస్టర్" అని ఉంటే కొట్టేసి పందిరి మంచం అని రాయండి, "ఈజీ చైర్" అని ఉంటే పడకకుర్చీ అనండి. తలుపు వెనక గోడకు చిలక్కొయ్యలు వేస్తాడేమో కూడా కనుక్కోండి. అవేమిటో తెలియదంటే మీ అత్తగారినే చెప్పమనండి.